నీలట్టలో మూగోడు

ఈ లోకంలో బాస్కెట్‌బాల్ వీడియో ఆట ఆడేవాళ్లు రెండే తెగలు: ఎర్రట్ట వాళ్లు, నీలట్ట వాళ్లు. రెండు కంపెనీలు ఏటా చెరొక కొత్త ఆట దించుతాయి. ఒకటి ఎర్ర అట్టడబ్బాలో వస్తుంది, ఇంకొకటి నీలం అట్టడబ్బాలో. డబ్బాల మీద బారెడేసి పేర్లుంటాయి కాని వాటిని కంపెనీవాళ్లు తప్ప ఎవరూ పలకరు. ఆడేవాళ్లు ఇద్దరు కలిస్తే మొదటి ప్రశ్న “ఎర్రట్టా, నీలట్టా?” అనే. జవాబులో తేడా వచ్చిందంటే ఇక ఆ స్నేహం ముందుకు సాగదు.

నేను మీసాలు రాకముందు నుంచీ నీలట్ట మనిషిని. నా ఖర్మ కొద్దీ, తొమ్మిదేళ్లుగా నా గొంతు ఎర్రట్టది. ఆ ఆటలో మ్యాచ్ నడుస్తుంటే వెనక ఇద్దరు వ్యాఖ్యాతలు మాట్లాడుతుంటారు. మొదటివాడు జరిగింది చెబుతాడు. రెండోవాడు అందులో తప్పులెంచుతాడు. ఆ రెండో గొంతు నాది. ఎవడైనా దూరం నుంచి బంతి విసిరి గురి తప్పితే “తొందరపడ్డాడండీ, అనుభవిస్తాడు” అంటాను. ఆ ముక్క ఎంతగా పాకిందంటే, రోడ్డు మీద కాలుజారి పడినవాణ్ణి చూసి కూడా జనం అదే అంటున్నారు. నేను మాత్రం అది వింటే పళ్లు నూరుకుంటాను. దాన్ని నాతో ఒక మధ్యాహ్నమంతా పలికించారు మరి.

పలికించింది మా బావమరిది. మా ఆవిడకు తమ్ముడు, ఆ స్టూడియోలో సౌండు ఇంజినీరు. అంతకుముందు నేను ఒక పెద్ద బట్టల కొట్లో మైకు దగ్గర కూర్చుని తప్పిపోయిన పిల్లల గురించీ, తగ్గింపు ధరల గురించీ చెప్పేవాణ్ణి. నీ గొంతులో కోపం బాగుంటుంది బావా, వాళ్లకు అలాంటివాడే కావాలి అని తీసుకెళ్లి రికార్డింగు గదిలో కూర్చోబెట్టాడు. ఆ గది రెండు మంచాలు వేస్తే నిండిపోతుంది. గోడలకూ, తలుపుకూ, పైకప్పుకూ నల్లటి స్పాంజి. ముందు ఒక అద్దం, అద్దం అవతల బావమరిది. తలుపు లోపలివైపు పిడి ఎప్పుడో విరిగిపోయింది. ఇవాళ రేపు అంటూ ఎవరూ బాగుచేయించలేదు. నేను బయటికి రావాలంటే చెయ్యెత్తాలి, అతను చూడాలి, లేచి వచ్చి తలుపు తియ్యాలి.

ఒకసారి ఇంటినుంచి ఫోనొస్తే, అతను నన్ను గదిలోనే వదిలి బయటికి పరిగెత్తాడు. వాళ్లావిడకు నొప్పులు మొదలయ్యాయట. మంచి విషయమే. కాని నేను అద్దం మీద కొట్టాను, అరిచాను, తొమ్మిదేళ్లుగా నేర్చుకున్న అరుపులన్నీ అరిచాను. స్పాంజి అన్నిటినీ మింగేసింది. ఊడ్చేందుకు వచ్చిన ఆవిడ అద్దంలోంచి నన్ను చూసి, రికార్డింగు జరుగుతోందనుకుని, చప్పుడు కాకుండా చీపురు పట్టుకుని వెళ్లిపోయింది. చీకటి పడ్డాక ఎవరో తీశారు. బావమరిదికి కవలలు పుట్టారు. నేను కోప్పడటానికి కూడా వీల్లేకుండా పోయింది.

పని ఏమిటంటే, ప్రతి ఆటగాడి పేరునూ మూడు రకాలుగా పలకాలి: ఎత్తి, దించి, సాగదీసి. ఆట తనకు కావలసిన చోట వాటిని అతికించుకుంటుంది. ప్రతి వాక్యాన్నీ మూడు వేడుల్లో చెప్పాలి. మా స్టూడియో భాషలో వాటిని చల్లన, గోరువెచ్చన, మరుగు అంటారు. మ్యాచ్ మొదట్లో చల్లన, మధ్యలో గోరువెచ్చన, ఆఖరి క్షణాల్లో గొంతు చిరిగేలా మరుగు. ఏడాదిలో సగం ఇదే పని. ఇంటికొచ్చి కాఫీ అడిగినా ఏదో ఒక వేడిలో అడుగుతున్నానని మా ఆవిడ ఏడిపిస్తుంది. ఇప్పుడడిగింది గోరువెచ్చన కదా, కాఫీ కూడా అలాగే ఇస్తానంటుంది. అన్నంత పనీ చేస్తుంది.

ఇదంతా సర్దుకుపోవచ్చు. సర్దుకోలేనిది ఒప్పందంలోని ఒక షరతు. నా గొంతు మరే ఆటలోనూ, ఏ రకంగానూ వినిపించకూడదు. నీలట్ట గురించి నేను మంచీ చెడూ ఏదీ అనకూడదు. నా సంతకం పక్కన, నాకు పూచీగా, బావమరిది సంతకం ఉంది. నేను నోరు జారితే పోయేది నా పని ఒక్కటే కాదు, అతని కుర్చీ కూడా. ఇంట్లో ఇద్దరు పసివాళ్లు. నా బతుకు అడకత్తెరలో పోకచెక్క అయింది.

ఎందుకంటే నేను నీలట్ట మానలేదు. రెండు ఆటలనూ మొదటి డబ్బా నుంచి ఆడినవాణ్ణి గనక కాస్త నా మాట వినండి. చూడ్డానికి ఎర్రట్ట ముందు నీలట్ట వెలవెలబోతుంది. ఎర్రట్టలో ఆటగాడి మెడ మీద చెమటబొట్టు జారడం కనిపిస్తుంది, బూటు లేసు ఊగడం కనిపిస్తుంది. నీలట్టలో మొహాలు ఉడకబెట్టిన బంగాళాదుంపల్లా ఉంటాయి. గ్యాలరీలో జనం అట్టముక్కలు. వ్యాఖ్యాత ఒక్కడే, వాడికి వచ్చింది నాలుగు వాక్యాలు. కాని ఎర్రట్టలో మీట నొక్కాక ఇక మీ ప్రమేయం ఉండదు. మీ ఆటగాడు ఎగరడం మొదలుపెట్టాడంటే ఎగిరి తీరతాడు. ఎదురుగా ఎవడో అడ్డొచ్చాడని మీకు కనిపిస్తూనే ఉంటుంది, మీటలు టకటకా నొక్కుతూనే ఉంటారు, వాడు వినడు. ఆ కదలిక పూర్తయ్యేదాకా మీరు వాడి ఒంట్లో ఖైదీ. మీరు చేతకాకుండా ఆడినా ఆటే అంతా సర్ది, బాగా ఆడినట్టు చూపిస్తుంది. అందుకే అది బోలెడు అమ్ముడుపోతుంది.

నీలట్టలో కంట్రోలర్ మీద ఎడమ బొటనవేలి కింద ఉండే బొడిపె ఎంత వంచితే కాలు అంతే కదులుతుంది. సగం అడుగు వేసి వెనక్కి తీసుకోవచ్చు. ఎగరబోయి మానుకోవచ్చు. మీరు బద్ధకంగా ఉంటే మీ ఆటగాడు కాళ్లీడుస్తాడు, కంగారుపడితే వాడూ తడబడతాడు. అందులో దాక్కోవడానికి ఏమీ లేదు. అవతల ఆడుతున్నవాడు కోపంగా ఉన్నాడో, నిద్రమత్తులో ఉన్నాడో వాడి కాళ్లు చూసి చెప్పగలను. ఈ మాట ఎవరితోనైనా అనాలని ఎన్నిసార్లు నాలుక దురదపెట్టిందో. అనే వీల్లేదు. పైగా ఏటా కొత్త ఎర్రట్ట వచ్చినప్పుడు వేదికెక్కి “ఈసారి ఆటగాళ్లు మీ ఆలోచనతో పాటే కదులుతారు” అని చదవాలి. తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదంటారు. అందుకని చదివేసి, ఇంటికొచ్చి, బట్టలైనా మార్చకుండా వెనక గదిలో దూరేవాణ్ణి.

మా ఆవిడ జనానికి కారు నడపడం నేర్పుతుంది. ఆవిడ నారింజరంగు కోన్లు, ఎల్ బోర్డులు, పాత టైర్లు అన్నీ ఆ గదిలోనే. వాటి మధ్య ఒక పీట, చిన్న టీవీ, నీలట్ట. కిటికీకి టైరు అడ్డం. బావమరిది ఎప్పుడైనా ఇంటికొస్తే మా ఆవిడ ఆ తలుపు ముందు కుర్చీ వేసుకుని కూర్చుని కూరగాయలు తరిగేది. అతను వెళ్లాక నన్ను దులిపేది. “బ్రేకు మీద ఒక కాలు, యాక్సిలరేటరు మీద ఒక కాలు పెట్టి బండి నడపాలంటావు. ఏదో ఒకటి వదులు” అనేది. ఏది వదలమంటావని అడిగితే తమ్ముడు గుర్తొచ్చి ఆవిడా మాట మార్చేసేది.

నీలట్టలో ఐదుగురు ఒక జట్టు. ఎవరింట్లో వాళ్లు కూర్చుని, మైకుల్లో ఒకరితో ఒకరు మాట్లాడుకుంటూ ఆడతారు. నేను మైకు ఆపేసి, నమ్మకం చాలక దాని మీద నల్ల టేపు కూడా చుట్టాను. వినడం తప్ప ఒక్క మాట అనేవాణ్ణి కాదు. అందుకని అక్కడ నాకు మూగోడనే పేరొచ్చింది.

ఆ పేరు పెట్టినవాడు మేస్త్రి. ఇళ్లు కట్టించే మేస్త్రి. నాకంటే పెద్దవాడు. గొంతు వింటే కంకర మీద నడిచినట్టుంటుంది. ఏ ఊళ్లో ఉంటాడో నాకు తెలియదు, నా మొహం అతనికి తెలియదు. ఆరేళ్ల కిందట ఒక మ్యాచ్‌లో “ఏం తమ్ముడూ, మాట్లాడవేం?” అని అడిగాడు. రెండుమూడుసార్లు అడిగాడు. జవాబు రాకపోయేసరికి నాకు నిజంగానే మాట రాదనుకుని, ఆ పెద్ద గొంతు ఒక్కసారిగా మెత్తబడిపోయింది.

“సరేలే. నీకు చేతులున్నాయి, నాకు నోరుంది. సరిపోయింది. అవును అనాలంటే బంతి నాకు పాస్ చెయ్యి, నేను తిరిగిస్తాను, మళ్లీ నాకే పాస్ చెయ్యి. కాదనాలంటే నిలబడినచోటే నిలబడి బంతి నేలకేసి కొట్టు.”

ఆ రోజునుంచి మా ఇద్దరికీ అదే భాష. చెవులు చెమటపడతాయని అతను హెడ్‌ఫోన్లు పెట్టుకోడు. మా మాటలు, ఆట చప్పుళ్లు అన్నీ వాళ్ల హాల్లో టీవీలోంచే వస్తాయి. వాళ్లింట్లో గిన్నెలు పడటం, తలుపులు వెయ్యడం, వాళ్లావిడ విసుక్కోవడం మైకులోంచి నాకు వినిపిస్తాయి. భార్యను అతను ఇన్‌స్పెక్టరు అంటాడు, ఆవిడ వంటింట్లో ఉన్నప్పుడు మాత్రమే, అదీ గొంతు తగ్గించి. సాయంత్రం పనినుంచి వచ్చి కూర్చుంటే నాతో చెప్పని సంగతి లేదు. కూలీలు చెప్పాపెట్టకుండా మానేయడం, మోకాలి నొప్పి, తండ్రి పోయినప్పుడు అందరూ చూస్తుంటే కన్నీళ్లు రాకపోవడం, నెల తర్వాత ఒక సిమెంటు బస్తా మీద కూర్చుని ఏడవడం. ఎవరికీ చెప్పకు మూగోడా అని చివర్లో తనే నవ్వేవాడు. నాకు నవ్వొచ్చేది కాదు. ఆ సిమెంటు బస్తా సంగతి విన్నరోజు గొంతు దాకా వచ్చిన మాట కక్కలేక మింగలేక, బంతి పాస్ చేసి, తీసుకుని, మళ్లీ పాస్ చేశాను. అదేం ఓదార్పు.

ఇంకొకటి చెప్పాలి. మేస్త్రికి ఎర్రట్ట అంటే పడదు. అందులోనూ రెండో గొంతు వింటే ఒళ్లు మంట. వాళ్లింట్లో ఉండి ఏదో చదువుతున్న మేనల్లుడు పక్కగదిలో ఎర్రట్ట ఆడతాడట, టీవీ ఆపకుండా బయటికి పోతాడట, దాంతో ఆ గొంతు ఖాళీ గదిలో అరుస్తూనే ఉంటుందట. “వాడెవడో గాని పుట్టాక ఒక్క బంతైనా ముట్టుకున్నాడా? ఎవరేం చేసినా తప్పే వాడికి. మా పాత కాంట్రాక్టరు కూడా ఇంతే. నువ్వేమంటావు మూగోడా?” అన్నాడొకసారి. నేను వెంటనే బంతి పాస్ చేసి, తీసుకుని, మళ్లీ పాస్ చేశాను.

ఒక సెలవు రోజు. మధ్యాహ్నం మా ఆవిడ ఎవరికో పాఠం చెప్పడానికి వెళ్లింది. మేస్త్రి, నేను, ముక్కూమొహం తెలియని ఇంకో ముగ్గురు ఒక జట్టు. మొదటి సగంలో మేస్త్రి మామూలుగానే ఆడాడు, మామూలుగానే వాగాడు. విరామం తర్వాత అతని ఆటగాడు బంతి పట్టుకుని మూలకు నడిచి, గీత దాటి బయటికి వెళ్లిపోయాడు. మిగతావాళ్లు తిట్టారు. మేస్త్రి నవ్వాడు. మళ్లీ బంతి అందింది. మళ్లీ ఎటో జారుకుంటూ వెళ్లాడు.

వెళ్లిన తీరు చూశాను. సగం అడుగు, ఆగడం, మళ్లీ పావు అడుగు. ఆరేళ్లుగా ఆ కాళ్లను చూస్తున్నాను. అలసిపోయినప్పుడు ఎలా ఉంటాయో తెలుసు, ఇంట్లో గొడవైనప్పుడు ఎలా ఉంటాయో తెలుసు. ఇది అవేవీ కాదు. కుడిచేతి మీటలు సరిగానే పడుతున్నాయి. పాసు అడిగితే వస్తోంది, గురి కూడా తప్పడం లేదు. ఎడమ బొటనవేలు మాత్రం బొడిపె మీద నిలవడం లేదు. ఎర్రట్టలో అయితే నాకు ఈ సంగతి ఎప్పటికీ తెలిసేది కాదు. ఆటే అతని కాళ్లను సర్ది దర్జాగా నడిపించేది.

అప్పుడు అతను మాట్లాడాడు. “ఒలే మూగోడా... ఇవాళ చెయ్యేంటో... బలువుగా ఉంది...” అని, తన మాటకు తనే నవ్వాడు.

మాటలు చెవిలో వేసుకుని, ఏ అక్షరం ఎక్కడ జారిందో పట్టుకోవడం నా వృత్తి. ఆ అక్షరాలు సరదాకి జారలేదు. నాలుక లేవడం లేదు. ఎర్రట్టలో మొదటి గొంతుగా ఉన్న పెద్దాయన ఒక ఉదయం మైకు ముందు సరిగ్గా ఇలాగే మాట్లాడాడు. వేళాకోళం చేస్తున్నాడనుకుని మేమందరం నవ్వాం. నవ్వడం అయ్యాక చూస్తే ఆయన మూతి ఒక పక్కకు వేలాడుతోంది. పక్షవాతం. కాస్త ముందు తెచ్చుంటే మాట దక్కేదని డాక్టరన్నాడు. ఆయన ఇప్పటికీ మంచం మీదే ఉన్నాడు.

నాకు అర్థమైంది. అర్థమై కూడా పీట మీద బిగుసుకుపోయాను. ఫోన్ చేద్దామంటే అతని ఊరూ పేరూ తెలియవు. రాసి పంపుదామంటే నీలట్టలో రాసే వీలే లేదు. మైకు తెరిస్తే ఆ మ్యాచ్‌లో ఉన్నవాళ్లందరూ వింటారు. ఆ గొంతు ఎవరిదో తెలియనివాడు వాళ్లలో ఒక్కడుండడు. బావమరిది సంతకం కళ్ల ముందు కదిలింది, పిల్లలిద్దరూ కదిలారు. పిరికితనమే, కాదనను. బంతి మేస్త్రికి పాస్ చేశాను. తిరిగి తీసుకుని నేలకేసి టపటపా కొట్టాను. మళ్లీ పాస్ చేశాను. “అవునా, కాదా, సలిగ్గా చెప్పు” అన్నాడతను. మా భాషలో ఆ రెండు మాటలే ఉన్నాయి. మూడోది మేమెప్పుడూ పెట్టుకోలేదు.

టేపు గోళ్లతో చించి, మైకు తెరిచాను.

“అన్నా” అన్నాను. “అన్నా, ఆట ఆపు. నీ చెయ్యి బాగాలేదు. ఇంట్లోవాళ్లను పిలువు.”

కంగారులో గొంతు తనకు అలవాటైన వేడిలోనే వచ్చింది. మరుగు. ఆఖరి క్షణాల మరుగు. అవతల ఒకడు పకపకా నవ్వాడు. ఎవడ్రా ఎర్రట్ట పెట్టింది అన్నాడు ఇంకొకడు. మూడోవాడు “తొందరపడ్డాడండీ, అనుభవిస్తాడు” అని నాలాగే అన్నాడు, నాకంటే బాగా అన్నాడు. మేస్త్రి కూడా నవ్వాడు. “మా మేనల్లుడు... టీవీ ఆపకుండా పోయాడు. పక్కగదిలో ఆ దలిద్లుడు అలుస్తున్నాడు. నువ్వు ఆడు మూగోడా.”

నేను మూగోణ్ణే అన్నా, టీవీ కాదు, నేనే మాట్లాడుతున్నానన్నాను. మళ్లీ నవ్వులు. ఎంత బతిమాలితే అంత వ్యాఖ్యానంలా ఉంది. ఎంత గట్టిగా చెబితే అంత ఆటలా ఉంది. తొమ్మిదేళ్లలో నా గొంతుతో అన్ని మాటలూ ముందే అనిపించేశారు, ఇక మనిషిగా అనడానికి ఏం మిగిలిందని? స్పాంజి గదిలో అద్దం మీద కొట్టిన రోజు గుర్తొచ్చింది. ఊడ్చే ఆవిడ కూడా నన్ను చూసి రికార్డింగే అనుకుంది.

ఎర్రట్ట ఎన్నటికీ అనలేని మాట ఒకటి కావాలి. వెతికాను. దొరికింది.

“ఇన్‌స్పెక్టరుగారూ!” అని అరిచాను. “ఇన్‌స్పెక్టరుగారూ, వంటింట్లోంచి ఒక్కసారి హాల్లోకి రండి! వచ్చి మీ ఆయన మొహం చూడండి!”

మేస్త్రి నవ్వు ఆగిపోయింది. అవతల గిన్నెల చప్పుడు ఆగింది. చెప్పులు టపటపమంటూ దగ్గరికొచ్చాయి. “ఇన్‌స్పెక్టరా? నన్నా? ఏమయ్యా, ఊరందరికీ ఇదే చెప్పుకుంటున్నావా?” అంటూ ఆవిడ గొంతు వచ్చింది. తర్వాత అదే గొంతు, వేరే మనిషిదిలా, “మూతి అలా పెట్టావేం? ఇటు చూడు. ఇటు చూడవయ్యా” అంది.

అప్పుడు నేను ఏ వేడీ లేకుండా చెప్పాను. ఇది పక్షవాతంలా ఉందమ్మా, నీళ్లు కూడా పట్టొద్దు, పడుకుంటే తగ్గుతుందని చూడొద్దు, ఇప్పుడే అంబులెన్సుకు ఫోన్ చెయ్యండి, పావుగంట కిందటిదాకా బాగానే ఉన్నాడని డాక్టరుకు చెప్పండి. ఆవిడ ఎదురు ప్రశ్న వెయ్యలేదు. ఫోన్ మీటలు వినిపించాయి. అంబులెన్సువాళ్లకు చిరునామా చెబుతూనే మధ్యలో టీవీ వైపు తిరిగి ఉంటుంది.

“మీరెవరండీ?”

“మూగోణ్ణమ్మా” అన్నాను.

కంట్రోలర్ నేలమీద పడిన చప్పుడైంది. మేస్త్రి ఆటగాడు మూల దగ్గర ఆగిపోయాడు. మ్యాచ్ అయిపోయేదాకా అక్కడే, గీత మీద నిలబడి ఉన్నాడు. ఎవరూ నవ్వలేదు, ఎవరూ అతని వైపు బంతి పంపలేదు.

మాతో ఆడినవాళ్లలో ఎవడో రికార్డు చేసి పంచాడు, సాయంత్రానికల్లా నా గొంతు ఫోన్లన్నిటిలోనూ తిరుగుతోంది. ఎర్రట్ట వ్యాఖ్యాత దొంగచాటుగా నీలట్ట ఆడుతున్నాడని నవ్వినవాళ్లు కొందరు, మెచ్చుకున్నవాళ్లు కొందరు. బావమరిది వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. నేరుగా వెనక గది తలుపు తీసి, కోన్ల మధ్య పీటనూ టీవీనీ చూసి, అక్కతో “నువ్వు కూరగాయలు తరిగింది ఇక్కడేగా” అన్నాడు. నా వైపు తిరిగి, చాలాసేపు తిట్టాడు. పడ్డాను. అతనికి ఆ హక్కుంది. తిట్టడం అయ్యాక గొంతు దించి అడిగాడు.

“బతికాడా బావా ఆయన?”

“తెలియదు” అన్నాను. అప్పుడు కూర్చున్నాడు.

కంపెనీ నన్ను తీసేసింది. కొత్త ఎర్రట్టలో రెండో గొంతు ఎవరిదో కుర్రగొంతు, అందులో కోపం లేదు. బావమరిదిని ఆటల విభాగం నుంచి తప్పించి, ఎవరూ అడగని ఒక మూల పనికి మార్చారు. లిఫ్టులకూ, బస్సులకూ మాటలు రికార్డు చేసే పని. మనసు చల్లారాక అతనే నన్ను పిలిచాడు. ఇప్పుడు మీరు ఏ భవనంలోనైనా పైకి వెళుతుంటే “తలుపులు మూసుకుంటున్నాయి” అనేది నేనే కావచ్చు. అంతా చల్లన. ఆ గది పాతదానికంటే ఇరుకు. తలుపుకు పిడి మాత్రం ఉంది.

సాయంత్రాలు వెనక గదిలోనే కూర్చునేవాణ్ణి. టేపు లేదు, మైకు తెరిచే ఉంది, షరతులు లేవు. ఆరేళ్లు కోరుకున్నది అదే కదా. ఎదురుగా తెర మీద మేస్త్రి ఆటపేరు బూడిదరంగులో ఉండేది, అంటే మనిషి లేడని. చచ్చాడో బతికాడో చెప్పేవాళ్లు లేరు. ఇంతలో కొత్త నీలట్ట వచ్చింది. ఆడేవాళ్లందరూ అందులోకి మారిపోయారు, ఏటా మారేదే. కొత్తదాంట్లో గ్యాలరీ జనానికి మొహాలు కూడా పెట్టారట. నేను మారలేదు. మేస్త్రి వస్తే పాతదాంట్లోకే వస్తాడు, అతనికి కొత్తదొకటి వచ్చిందనే తెలిసుండదు. ఒక్కోరోజు ఆ కోర్టులో నేనొక్కణ్ణే బంతి విసురుకుంటూ ఉండేవాణ్ణి. మా ఆవిడ తలుపు దగ్గరికొచ్చి చూసి, బండి ఆపేసి కూడా స్టీరింగు వదలవేం అని మెల్లిగా అని వెళ్లిపోయేది.

నెలలు గడిచాక ఒక సాయంత్రం ఆ పేరు వెలిగింది.

కోర్టులోకి అతని ఆటగాడు వచ్చాడు. కాళ్లీడుస్తూ, పక్కకు జారుతూ, ఆగుతూ వచ్చాడు. ఎడమ బొటనవేలు ఇంకా దారికి రాలేదు. ఎప్పుడూ మనిషి కంటే ముందు వచ్చే ఆ కంకర గొంతు మాత్రం రాలేదు. వెనక గిన్నెల చప్పుడు వినిపిస్తోంది, అంటే మైకు తెరిచే ఉంది.

“అన్నా, నేను” అన్నాను. దగ్గరికి వెళ్లి బంతి ఇచ్చాను. “నేను మాట్లాడేది వినిపిస్తోందా?”

బంతి నాకు పాస్ చేశాడు. తిరిగిచ్చాను. మళ్లీ పాస్ చేశాడు.

“మాట రావడం లేదా అన్నా?”

చాలాసేపు కదల్లేదు. తర్వాత పాస్ చేశాడు. తిరిగిచ్చాను. మళ్లీ పాస్ చేశాడు. నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. ఆపుకోవలసిన పని ఇక ఏముంది?

“సరేలే అన్నా” అన్నాను. “నీకు చేతులున్నాయి, నాకు నోరుంది. సరిపోయింది.”

చెప్పడం మొదలుపెట్టాను. స్పాంజి గది, మూడు వేడులు, విరిగిన పిడి, టేపు, బావమరిది సంతకం. అతని ఒళ్లు మండించిన ఆ గొంతు నాదేనన్న సంగతి. తండ్రి గురించి చెప్పినరోజు నేను అనబోయి మింగేసిన మాటలు. ఆరేళ్ల బాకీ, ఒక్కసారిగా ఎక్కడ తీరుతుంది. అతను నిలబడి విన్నాడు. చివరికి, అడగాలంటేనే భయం వేసిన మాట అడిగాను.

“మాటొచ్చి కూడా ఇన్నేళ్లు నీతో మాట్లాడలేదని నా మీద కోపంగా ఉందా?”

ఈసారి ఆలోచించలేదు. బంతి విసురుగా పాస్ చేశాడు. తిరిగిచ్చాను. అంతకంటే విసురుగా మళ్లీ పాస్ చేశాడు.

న్యాయమే. బంతి అతనికిచ్చేసి, “అయితే నోరు మూసుకోమంటావా అన్నా?” అని అడిగాను.

మేస్త్రి నిలబడినచోటే నిలబడి బంతి నేలకేసి కొట్టాడు. కొడుతూనే ఉన్నాడు.